లక్షద్వీప్ ఓడ యాత్ర: కవరత్తి, కల్పేని, మినికాయ్ – ఏ దీవిలో పగటిని దేనికి కేటాయించాలి?

లక్షద్వీప్ వెళ్లాలనుకునేవారు మొదట ఖర్చు గురించి అడుగుతారు, ఆ తరువాత అనుమతి గురించి అడుగుతారు. ఈ రెండింటికీ సమాధానాలు సులువుగానే దొరుకుతాయి. అయితే ఓడ మీద వెళ్లేవారికి ఒక్కో దీవిలో దక్కేది ఒక్క పగటిపూట మాత్రమే కాబట్టి, ఆ పూటను దేనికి వెచ్చించాలన్నది బయలుదేరే ముందే తేల్చుకోవలసిన విషయం. స్పోర్ట్స్ అనే పొడి అక్షరాలతో వ్యవహరించే లక్షద్వీప్ ప్రభుత్వ పర్యాటక సంస్థ నిర్వహించే ‘సముద్రం’ యాత్రలో ఓడ కొచ్చిలో బయలుదేరి, అయిదు రోజుల్లో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను చుట్టి తిరిగి కొచ్చికి చేరుతుంది. రాత్రి నిద్ర, ప్రయాణం ఓడలోనే. ఉదయం దీవిలో దిగి, మధ్యాహ్న భోజనం అక్కడే చేసి, సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కాలి. ప్రకటనల్లో ఈ మూడు దీవులూ ఒకే తెల్ల ఇసుకతో, ఒకే నీలి నీటితో కనిపిస్తాయి గనుక, చాలామంది మూడు చోట్లా అదే ఈత, అదే గాజు అడుగు పడవ, అదే ఎండతో సరిపెట్టుకుని వస్తారు. నిజానికి ఈ మూడింటి స్వభావాలు వేరు; మినికాయ్‌లో భాష సైతం వేరు.

ముందుగా ఏ దారిన వెళ్లాలి

లక్షద్వీప్ చేరడానికి సామాన్య ప్రయాణికుడికి మూడు దారులున్నాయి. కొచ్చి నుంచి చిన్న విమానంలో అగత్తి దీవికి చేరి, అక్కడే గాని, పడవ మీద బంగారం దీవికి వెళ్లి గాని బస చేయడం ఒకటి. ముంబై వంటి రేవుల నుంచి బయలుదేరే ప్రైవేటు విలాస నౌకలో వెళ్లి, దీవి పక్కన ఒక పూట ఆగి రావడం రెండవది. ప్రభుత్వ ఓడలో సముద్రం యాత్ర మూడవది.

ఒకేచోట నాలుగు రోజులు కదలకుండా ఉండి, ఉదయం సాయంత్రం నీళ్లలో గడపాలనుకునే దంపతులకు విమానమే మేలు. విలాస నౌక విషయం వేరు: అందులో ఓడే గమ్యం. భోజనశాలలు, ఆటపాటలు, ఈత కొలను అన్నీ ఓడ మీదే ఉంటాయి. దీవి మజిలీ ఆ ప్రయాణంలో ఒక అంశం మాత్రమే. సముద్రం కాస్త ఎగసిపడితే చిన్న పడవల్లో దించడం ప్రమాదమని ఆ మజిలీని రద్దు చేసే హక్కు కెప్టెన్‌కు ఉంటుంది. దీవిని, దీవి మనుషులను చూడాలన్న కోరికతో బయలుదేరేవారికి నేను ఈ దారిని సూచించను.

సముద్రం యాత్ర సాగే ఓడ, ఎం.వి. కవరత్తి, విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైనది. దాదాపు 700 మంది ప్రయాణికులను, వారితోపాటు సరుకును మోసే ఈ ఓడ పర్యాటకుల కోసం కట్టింది కాదు. దీవుల ప్రజలకు అది ప్రధాన భూభాగంతో ఉన్న బంధం. ఆసుపత్రికి వచ్చి తిరిగి వెళుతున్న వృద్ధులు, సెలవులకు ఇంటికి పోతున్న విద్యార్థులు, కొచ్చిలో కొన్న మిక్సీలు, పరుపులు మోసుకుపోయే కుటుంబాలు అదే ఓడలో ఉంటారు. గదులు శుభ్రంగా, నిరాడంబరంగా ఉంటాయి. విలాసం ఆశించి ఎక్కినవారు నిరాశ చెందుతారు. దీవుల జీవితం తెలుసుకోవాలనుకునే వారికి మాత్రం, దీవిలో కాలు పెట్టకముందే, ఓడ పైఅంతస్తులో టీ తాగుతూ పక్కవారితో మాట కలిపినప్పుడే ఆ పని మొదలవుతుంది.

కవరత్తి: పరిచయానికి చాలు

కవరత్తి లక్షద్వీప్ రాజధాని. 1964లో పాలనా కేంద్రం కోజికోడ్ నుంచి ఇక్కడికి మారింది. కార్యాలయాలు, బ్యాంకులు, ఆసుపత్రి, మోటారు సైకిళ్లు ఉన్న చిన్న పట్టణమిది. ఇక్కడ చూడదగినవి మూడు: చెక్కడపు పైకప్పుకు పేరుపొందిన ఉజ్రా మసీదు, సముద్రజీవుల ప్రదర్శనశాల, గాజు అడుగు పడవ నుంచి కనిపించే పగడాలు. ఈత రానివారికి, నీళ్లంటే భయమున్నవారికి, చిన్నపిల్లలకు ఆ పడవ చాలా అనువైనది. ఈత వచ్చినవారు దాని మీద డబ్బు ఖర్చు చేయనవసరం లేదు, ఎందుకంటే అంతకంటే మంచి దృశ్యం కల్పేనిలో ముఖం నీటిలో ముంచితే చాలు, కనిపిస్తుంది.

పర్యాటకులు పెద్దగా పట్టించుకోని ఒక వింత మాత్రం కవరత్తిలో ఉంది. పగడపు దీవిలో నదులుండవు, చెరువులుండవు. ఇసుకలోకి ఇంకిన వాననీరు కింది ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతూ ఉంటుంది. బావుల్లో దొరికేది ఆ పొరే. జనం పెరిగి, ఎక్కువగా తోడినకొద్దీ ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో ఇక్కడ రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రాన్ని స్థాపించింది. సుమారు 350 మీటర్ల లోతు నుంచి చల్లని నీటిని గొట్టంతో పైకి తెచ్చి, గాలి తీసేసిన తొట్టెలో పైనీటి వెచ్చదనంతోనే పుట్టిన ఆవిరిని ఆ చల్లదనంతో మళ్లీ నీరుగా మారుస్తారు. ఒడ్డుకు అతి దగ్గరలోనే సముద్రం నిటారుగా లోతుకు దిగిపోయే పగడపు దీవుల్లోనే ఈ పద్ధతి ఇంత తేలికగా సాధ్యం. స్నానం తరువాత మరోసారి మంచినీళ్లతో ఒళ్లు కడుక్కోబోయే ముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

కల్పేని: నీళ్లలో దిగడానికి

మూడింటిలో చిన్నది కల్పేని. వైశాల్యం మూడు చదరపు కిలోమీటర్ల లోపే. దీవికి పడమటి పక్క పగడపు గట్టు లోపల నిలిచిన, లోతు తక్కువ నీటిని లగూన్ అంటారు. కల్పేని లగూన్‌లోనే తిలక్కం, పిట్టి అనే నిర్జన లంకలు కూడా ఉన్నాయి. కూమెల్ తీరం నుంచి చూస్తే అవి ఎదురుగా కనిపిస్తాయి. గట్టు అలలను బయటే ఆపేస్తుంది గనుక లోపల నీరు సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. కాయకింగ్ (తెడ్డుతో చిన్న పడవ నడపడం), స్నార్కెలింగ్ (ముఖానికి అద్దం, శ్వాస గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడటం), తెరచాప పడవ, పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, గట్టు మీద నడక అన్నీ ఇక్కడ అనువుగా సాగుతాయి. నీటి ఆటల కోసం కేటాయించిన డబ్బు, ఓపిక కల్పేనికే దాచుకోవాలని నా సలహా.

ఇక్కడ పోటుపాట్ల లెక్క తెలిసి ఉండాలి. గట్టు మీద నడవడానికి పాటు కావాలి; నీళ్లలో తేలుతూ పగడాలు చూడటానికి నీరు కాస్త నిండుగా ఉండాలి, లేకుంటే కడుపు, మోకాళ్లు పగడాలకు తగిలి అవీ విరుగుతాయి, మన చర్మమూ గీరుకుపోతుంది. దిగగానే గైడును ఆనాటి పాటు ఎన్నింటికో అడిగి, దాన్నిబట్టి ఏది ముందు ఏది వెనుక అన్నది నిర్ణయించుకోవాలి. నడిచేటప్పుడు రబ్బరు అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. హవాయి చెప్పులు నీటిలో నిలవవు.

ఎదుటి తీరం, అంటే తూర్పు వైపు, ఎవరూ అంతగా వెళ్లరు. అక్కడ ఇసుకకు బదులు పగడపు రాళ్లు గట్టుగా పేరుకుని ఉంటాయి. 1847లో వచ్చిన పెద్ద తుఫాను సముద్రం అడుగు నుంచి ఎత్తి ఒడ్డున పారేసిన రాళ్లవి. పడమటి తీరపు నునుపైన ఇసుక మీద గంటసేపు గడిపాక, అరగంట ఈ గట్టు మీద నిలబడితే, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న దీవిలో బతకడమంటే ఏమిటో కొంత తెలుస్తుంది. ఆడపిల్లల చదువు తప్పనుకునే కాలంలో లక్షద్వీప్‌లో తొలిసారి ఆడపిల్లలు బడికి వెళ్లింది కూడా ఈ దీవిలోనే. మధ్యాహ్నం పూట పర్యాటకుల కోసం కోల్‌కళి, పరిచకళి వంటి నాట్యాలు ప్రదర్శిస్తే తప్పక చూడాలి. మొదటిదానిలో కోలలు, రెండవదానిలో కత్తి, డాలు ఉంటాయి. కోలాటం తెలిసినవారికి మొదటిదాని లయ వెంటనే పట్టుబడుతుంది.

నీటి అడుగున రంగురంగుల పగడపు తోటలు ఉంటాయని ఆశించి వెళ్లేవారికి ఒక హెచ్చరిక అవసరం. సముద్రజలం వేడెక్కి పగడాలు తెల్లబడి చనిపోవడం లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో జరిగింది. ఇప్పటికీ చేపలు విస్తారంగా కనిపిస్తాయి, తాబేళ్లు కనిపిస్తాయి. అయితే చాలాచోట్ల అడుగున ఉన్నది పాత పగడాల బూడిదరంగు శిథిలమే. మందపు లోషను పూసుకుని దిగడం కంటే పొడుగు చేతుల ఈత దుస్తులు వేసుకోవడం నయం. కొన్ని సన్‌స్క్రీన్లలోని రసాయనాలు పగడాలకు హానికరం.

మినికాయ్: నడవడానికి, వినడానికి

మిగతా దీవుల నుంచి మినికాయ్‌ను తొమ్మిది డిగ్రీల కాలువ అనే విశాలమైన సముద్రభాగం వేరు చేస్తుంది. దాని దక్షిణాన ఎనిమిది డిగ్రీల కాలువ దాటితే మాల్దీవులే. దూరం ఎంతో, సంస్కృతిలో తేడా అంత. ఉత్తరపు దీవుల్లో మలయాళపు మాండలికం మాట్లాడతారు. ఇక్కడ మాత్రం మహల్. అది మాల్దీవుల ధివేహికి మరో రూపం. దానిని తానా లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఆ లిపిలోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి రూపొందాయి. దుకాణం పలకల మీద, మసీదు గోడల మీద ఆ అక్షరాలు కనిపిస్తాయి.

ఇక్కడి గ్రామాలను అతిరి అంటారు. ప్రతి గ్రామానికి ఒక పెద్ద ఉంటాడు, ఆడవారి పనులకు వేరుగా ఒక పెద్దమ్మ ఉంటుంది. ఊరి సొంత పడవలు, ఉమ్మడి ఇల్లు ఉంటాయి. ఊరి పనులు, పెళ్లిళ్లు, పడవ పందేలు ఈ వ్యవస్థ ద్వారానే నడుస్తాయి. పందేల కోసం ఉంచే జహాధోని పడవలు రంగురంగుల అలంకరణతో, పొడవుగా, సన్నగా ఉంటాయి. వాటిని నిలిపే కొట్టం చూపించమని గైడును అడగాలి. మగవారిలో చాలామంది వర్తక నౌకల్లో నావికులుగా ప్రపంచమంతా తిరుగుతారు. ఆస్తి, వంశం తల్లి వైపు నుంచి సాగే ఆచారం లక్షద్వీప్ ముస్లిం సమాజమంతటా ఉన్నా, ఉత్తరపు దీవుల్లో భర్త తన పుట్టింటిలోనే ఉంటూ భార్య ఇంటికి రాత్రిపూట వెళ్లివచ్చే సంప్రదాయం ఉంటే, మినికాయ్‌లో పెళ్లి తరువాత భర్తే భార్య ఇంట కాపురముంటాడు. ఇల్లరికం అంటే చిన్నతనంగా భావించేవారు ఇక్కడ కాస్త తబ్బిబ్బవుతారు.

ఈ దీవికి ప్రాణం ట్యూనా చేప. విశాఖ రేవులో సూర అని పిలిచే చేపల వంశమే ఇది. ఇక్కడ వలలతో కాక గెడలతో వేట సాగుతుంది. వేకువనే లగూన్‌లో పగడాల చుట్టూ తిరిగే సన్నని ఎర చేపలను సన్నకన్నుల వలతో పట్టి, పడవ అడుగున నీరు నిండిన అరలో ప్రాణంతో ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనిపించగానే ఆ చిన్న చేపలను గుప్పిళ్లతో చల్లుతారు; పడవ వెనుక భాగం నుంచి నీటిని చిమ్మితే, పైన చిన్న చేపలు కదులుతున్నట్లు అనిపించి గుంపు ఎగబడుతుంది. అంచున వరుసగా నిలబడ్డ జాలర్లు, ముళ్లు లేని కొక్కెం కట్టిన గెడలను ఒక్క ఊపున వెనక్కి లాగుతారు. చేప గాలిలోనే కొక్కెం నుంచి జారి పడవలో పడుతుంది; గెడ మళ్లీ నీటిలోకి వెళుతుంది. ఒక్కో చేపను విడిగా పట్టడం వల్ల తాబేళ్లు, ఇతర ప్రాణులు అనవసరంగా చిక్కుకోవు. అయితే ఎర చేపలకు ఆశ్రయం పగడాలే గనుక, పగడాలు చస్తే ఎర కరవవుతుంది, ఎర లేకపోతే పడవలు ఒడ్డునే ఉంటాయి. కల్పేనిలో నీటి అడుగున చూసిన బూడిదరంగు శిథిలం ఇక్కడ ఇంటి పొయ్యి దాకా వస్తుంది.

పట్టిన చేపను నిలవ చేసే పద్ధతిలో తయారయ్యేది మాస్‌మిన్. చేపను నిలువునా ముక్కలుగా కోసి, ఉప్పునీటిలో ఉడకబెట్టి, పొగ పెట్టి, ఎండలో చెక్కలా గట్టిపడేదాకా ఆరబెడతారు. కత్తితో గీకితే ముదురు ఎరుపు రంగు పొడి రాలుతుంది; కొబ్బరితో కలిపి అన్నంలో తింటారు. దీవిలో ట్యూనాను డబ్బాల్లో నింపే కర్మాగారం కూడా ఉంది. తెరిచి ఉన్న రోజైతే చూడవచ్చు. మాస్‌మిన్ కొనేవారు గాలి చొరని సంచిలో రెండు పొరలుగా కట్టించుకోవాలి, లేకుంటే తిరుగు ప్రయాణంలో గదిలో ఉన్న తక్కినవారి మాటలు పడాల్సి వస్తుంది.

1885లో బ్రిటిష్‌వారు కట్టిన దీపస్తంభం దీవి దక్షిణపు వైపు ఉంది. మెట్లు చాలా ఉన్నా, ఎక్కగలిగినవారు తప్పక ఎక్కాలి. ఎందుకంటే నెలవంకలా వంగిన దీవి ఆకారం, ఒక పక్క లేతనీలి లగూన్, మరోపక్క ముదురు సముద్రం ఒకేసారి కనిపించేది అక్కడి నుంచే. గ్రామాలు దీనికి ఉత్తరంగా ఉంటాయి. సాధారణంగా పర్యాటకులను నేరుగా తీరానికి తీసుకువెళ్లి, ఈత, భోజనం అయ్యాక, మిగిలిన సమయంలో గ్రామాన్ని చూపిస్తారు; చివరికి మిగిలేది అరగంటే. ఈ క్రమాన్ని తిప్పి, ఎండ ముదరకముందే గ్రామం, ఆ తరువాత దీపస్తంభం, చివరగా తీరం పెట్టుకుంటామని ముందురోజు రాత్రే గైడుతో మాట్లాడుకోవాలి. అయిదారుగురు కలిసి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. 2024 మార్చిలో నౌకాదళం ఇక్కడ ఐ.ఎన్.ఎస్. జటాయు స్థావరాన్ని ప్రారంభించింది కాబట్టి ఎటు ఫొటోలు తీయకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఎవరికి ఏది

నీళ్లే ప్రధానమనుకునే యువకులకు కల్పేని పగలు పూర్తిగా నీళ్లలో గడిపి, మినికాయ్‌లో నడక, కవరత్తిలో విశ్రాంతి అన్నది సరైన పంపకం. స్కూబా డైవింగ్‌లో శిక్షణ పొంది రోజుకు రెండుసార్లు లోతుకు దిగాలనుకునే వారికి మాత్రం ఈ యాత్ర చాలదు. వారు ఓడ మజిలీలను వదిలి కద్మత్ దీవిలోనో బంగారంలోనో బస చేయడమే మంచిది. తిరుగు ప్రయాణం విమానంలో అయితే, చివరి డైవింగ్‌కు, విమానానికి మధ్య కనీసం 18 గంటల ఎడం ఉండాలి.

చరిత్ర, మనుషులు, ఆచారాలు ఆసక్తి ఉన్నవారికి నా తీర్పు సూటిగా మినికాయ్. కల్పేనిలో నీళ్లకు గంట తగ్గినా, కవరత్తి మొత్తం ఓడలోనే కునుకు తీసినా పెద్ద నష్టం లేదు. మినికాయ్ గ్రామంలో రెండు గంటలు తగ్గితే మాత్రం యాత్రలో సగం పోయినట్లే.

పెద్దవారిని తీసుకువెళ్లేవారు దీవి కన్నా ముందు పడవ గురించి ఆలోచించాలి. చాలా సందర్భాల్లో ఓడ పగడపు గట్టు బయటే ఆగుతుంది. ఓడ పక్క తలుపు నుంచి, కింద అలల మీద లేచిపడే చిన్న పడవలోకి అడుగు వేయాలి. సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణంలోనే దించుతారు. వారు చెప్పినప్పుడే అడుగు వేస్తే భయం లేదు. అయినా మోకాళ్ల చికిత్స చేయించుకున్నవారికి, గర్భిణులకు దీనిని నేను సూచించను. వారి కోసమే అయితే అగత్తి విమానం ఖర్చు ఎక్కువైనా సబబు.

బయలుదేరే ముందు

లక్షద్వీప్ ప్రవేశానికి అనుమతి పత్రం తప్పనిసరి. 1967 నాటి నిబంధనల ప్రకారం దీవుల్లో నివసించని భారతీయులకు కూడా ఇది వర్తిస్తుంది. సముద్రం యాత్రలో సీటు ఖాయమైతే పత్రాల పని సాధారణంగా సంస్థే చూసుకుంటుంది, కానీ అడిగిన గుర్తింపు కాగితాలు ముందే పంపాలి. యాత్రలు అక్టోబరు నుంచి మే మధ్య దాకా సాగుతాయి. నైరుతి రుతుపవనాల్లో ఉండవు. సముద్రం నెమ్మదిగా ఉండే జనవరి నుంచి మార్చి వరకు ఉన్న నెలలను ఎంచుకుంటే వాంతుల బాధ తక్కువ. ఆ బాధ ఉన్నవారు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తు గది అడగాలి. డాక్టరు రాసిన మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. ఇద్దరు పడుకునే గది, నలుగురు పడుకునే గది రెండూ ఉంటాయి. కుటుంబమంతా వెళ్లేటప్పుడు నాలుగు పడకల గది మొత్తం తీసుకోవడమే లాభం.

ఓడ ఎక్కేది కొచ్చిలోని విల్లింగ్డన్ దీవి నుంచి. సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు నుంచి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం చేరుస్తాయి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు కాబట్టి ఒకరోజు ముందే చేరుకుని కొచ్చిలో నిద్రపోవాలి.

శాకాహారులకు ఓడలోనూ దీవిలోనూ అన్నం, పప్పు, కూరలు దొరుకుతాయి గాని వైవిధ్యం తక్కువ. బుకింగు సమయంలోనే చెప్పాలి. బంగారం దీవి మినహా లక్షద్వీప్‌లో మద్యం నిషేధం. పర్యాటకుల తీరం దాటి గ్రామాల్లోకి వెళ్లేటప్పుడు మోకాళ్లు, భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోవాలి, ఆడవారి ఫొటోలు అడగకుండా తీయకూడదు, శుక్రవారం మధ్యాహ్నం దుకాణాలు మూసి ఉంటాయని లెక్కవేసుకోవాలి. పగడపు ముక్క చనిపోయి ఒడ్డున పడి ఉన్నదైనా సరే తీసుకురాకూడదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. పిల్లలు జేబుల్లో దాచుకుంటారు, కాబట్టి ఓడ ఎక్కే ముందు వాళ్ల జేబులు ఒకసారి చూడాలి.